కెనడా, అమెరికా సాఫ్ట్‌వుడ్ కలప వ్యాపారం: తరచుగా అడిగే ప్రశ్నలు

కెనడా, అమెరికాల మధ్య కలప గొడవ వార్తల్లోకి వచ్చినప్పుడల్లా ఒకటే గ్రాఫ్ తిరుగుతూ ఉంటుంది, ఏటా ఎన్ని డాలర్ల చెక్క సరిహద్దు దాటిందో చూపించే గ్రాఫ్. అది చూసి కొందరు "సుంకం వేశారు, వ్యాపారం పడిపోయింది" అంటారు, ఇంకొందరు అదే గ్రాఫ్ చూసి "ఇంత సుంకం వేసినా ఏమీ కాలేదు" అంటారు. రెండూ తప్పయ్యే అవకాశమే ఎక్కువ. కొన్నేళ్లుగా ఈ అంకెలతో కుస్తీ పడుతున్నాను కాబట్టి, నన్ను తరచుగా అడిగేవీ, నేను తప్పులో కాలేశాక తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ పెడుతున్నాను.

సాఫ్ట్‌వుడ్ అంటే మెత్తటి చెక్కేనా?

కాదు. సూదుల్లాంటి ఆకులు, శంకువుల్లాంటి కాయలు ఉండే చెట్ల కలపని సాఫ్ట్‌వుడ్ అంటారు: పైన్, స్ప్రూస్, ఫర్, హెమ్లాక్, సెడార్, ఇలాంటివి. గట్టిదనంతో సంబంధం లేదు. బాల్సా గోరుతో నొక్కితే గుంట పడేంత మెత్తన, అయినా అది హార్డ్‌వుడ్ లెక్కలోకే వస్తుంది. యూ చెట్టు కలప గట్టిది, అది సాఫ్ట్‌వుడ్. ఇక్కడ నేను మాట్లాడేది ఎక్కువగా సామిల్లులో కోసి, ఆరబెట్టి, చిత్రిక పట్టిన చెక్క గురించి, అంటే అమెరికాలో ఇంటి అస్థిపంజరం మొత్తం దేనితో లేస్తుందో ఆ చెక్క. దుంగల వ్యాపారం వేరే కథ, దాని గురించి కింద కొంచెం ఉంది.

పోల్చడానికి ఈ రెండు దేశాలే ఎందుకు?

ఒకటి అమ్మేది, ఇంకోటి కొనేది కాబట్టి. కానీ అంత మాత్రమే అయితే ఇంత పేజీ అక్కర్లేదు. అమెరికా తనకు కావలసిన చెక్కలో ఎక్కువ భాగం తనే కోసుకుంటుంది, మిగిలింది తెచ్చుకుంటుంది, ఆ తెచ్చుకునేదాంట్లో సింహభాగం కెనడాది. కెనడా వైపు నుంచి చూస్తే తన ఎగుమతుల్లో సింహభాగం అమెరికాకే. అంటే ఒకరికొకరు కట్టుబడిపోయారు, విడిపోదామన్నా కుదరదు. 40 ఏళ్లకు పైగా కోర్టు మెట్లెక్కుతూ కూడా రోజూ సరుకు ఇచ్చిపుచ్చుకునే దాయాదుల్లాంటి వ్యవహారం.

గొడవ అసలు దేని గురించి?

చెట్టు ధర గురించి. చెక్క ధర గురించి కాదు, నిలబడి ఉన్న చెట్టు ధర గురించి.

కెనడాలో అడవుల్లో 90 శాతం పైన ప్రభుత్వానివే, ఎక్కువ భాగం ప్రావిన్సుల చేతిలో ఉంటాయి. కంపెనీ చెట్టు నరుక్కున్నందుకు ప్రావిన్సుకి కట్టే రుసుముని స్టంపేజ్ అంటారు. ఆ రేటు చాలాకాలం ప్రభుత్వ ఫార్ములా ప్రకారం నడిచింది, తర్వాత తర్వాత బ్రిటిష్ కొలంబియా లాంటి చోట్ల కొంత భాగం వేలం ధరలతో ముడిపెట్టారు. అమెరికాలో నరికే కలపలో అత్యధిక భాగం ప్రైవేటు భూముల నుంచి వస్తుంది, అక్కడ చెట్టు ధర బేరంలోనో వేలంలోనో తేలుతుంది. అమెరికా మిల్లుల వాదన: "మీ ప్రభుత్వం మీకు చెట్టు కారుచౌకగా ఇస్తోంది, అది సబ్సిడీ." కెనడా జవాబు: "మా అడవులు వేరు, మేమే రోడ్లు వేసుకోవాలి, మేమే తిరిగి మొక్కలు నాటాలి, ఆ ఖర్చులు కలిపి చూడండి."

ఎవరిది న్యాయం అంటే, నా అభిప్రాయం: రెండు వ్యవస్థలని ఒకే తక్కెడలో పెట్టడానికి సరైన తూకపు రాయి ఎవరి దగ్గరా లేదు. వేరే దేశంలో, వేరే జాతి చెట్టు, వేరే దూరంలో ఉన్నదాని ధరని ఇక్కడి చెట్టుకి అంటగడితే ఏ అంకె కావాలంటే ఆ అంకె వస్తుంది. వాళ్లు దశాబ్దాలుగా దాని మీదే లాయర్లకి పోస్తున్నారు.

కెనడాలో అట్లాంటిక్ తీరపు ప్రావిన్సుల్లో ప్రైవేటు అడవులు ఎక్కువ, అందుకే నోవా స్కోషియా లాంటివాటికి సబ్సిడీ సుంకం నుంచి చాలాసార్లు మినహాయింపు దొరికింది. ఈ ఒక్క విషయం చూస్తే చాలు, గొడవ మూలం ఎక్కడుందో అర్థమవుతుంది.

ఇది ఎప్పుడు మొదలైంది? తేదీలు వరసగా చెప్పండి.

తగవు మాత్రం చాలా పాతది. 1838, 39లో మెయిన్, న్యూ బ్రన్స్‌విక్ సరిహద్దులో చెట్లు ఎవరివన్న దాని మీద సైన్యాలు కదిలేదాకా వెళ్లింది, 1842 ఒప్పందంతో సర్దుకుంది. 1854 నుంచి 1866 దాకా పరస్పర ఒప్పందం ఉన్నప్పుడు కలప సుంకం లేకుండా దాటింది. 1898లో ఒంటారియో ప్రభుత్వం, తన భూముల్లో నరికిన పైన్ దుంగలు కెనడాలోనే కోయాలని షరతు పెట్టింది, ఎందుకంటే అప్పటిదాకా ఆ దుంగలు మిషిగన్ మిల్లులకి తేలిపోతుండేవి.

ఇప్పుడు మనం చూస్తున్న గొడవ మాత్రం 1982లో మొదలైంది. వీటికి లంబర్ 1, లంబర్ 2 అని సినిమా సీక్వెల్స్‌లా పేర్లు పెట్టుకున్నారు.

మొదటిది 1983లో తేలిపోయింది, స్టంపేజ్ అనేది సుంకం వేయదగ్గ సబ్సిడీ కాదని అమెరికా వాణిజ్య శాఖే చెప్పింది. 1986లో అదే శాఖ మాట మార్చి ప్రాథమికంగా 15 శాతం అంది. అప్పుడు కెనడా తెలివిగా ఒక పని చేసింది: మీరు దిగుమతి సుంకం వేస్తే ఆ డబ్బు వాషింగ్టన్‌కి పోతుంది, దాని బదులు మేమే 15 శాతం ఎగుమతి పన్ను వేసుకుంటాం, డబ్బు మా దగ్గరే ఉంటుంది. 1986 డిసెంబర్ చివర్లో ఆ ఒప్పందం కుదిరింది. 1991లో కెనడా దాంట్లోంచి బయటికొచ్చింది, వెంటనే మూడో గొడవ, 1992లో 6.51 శాతం సుంకం, తర్వాత రెండు దేశాల ప్యానెళ్లలో కెనడా గెలవడం, 1994లో ఆ సుంకం ఎత్తేయడం.

1996లో కోటా పద్ధతి వచ్చింది. బ్రిటిష్ కొలంబియా, ఆల్బర్టా, ఒంటారియో, క్యూబెక్ నాలుగూ కలిపి ఏడాదికి 14.7 బిలియన్ బోర్డ్ ఫుట్‌లు ఏ రుసుమూ లేకుండా పంపొచ్చు. ఆ తర్వాతి 650 మిలియన్లకు వెయ్యి బోర్డ్ ఫుట్‌లకి 50 డాలర్లు, అదీ దాటితే 100 డాలర్లు. అయిదేళ్లు, 2001 మార్చి 31తో అయిపోయింది. రెండు రోజులకే నాలుగో గొడవ. 2002 మేలో సబ్సిడీ సుంకం 18.79, యాంటీ డంపింగ్ (సరుకుని అన్యాయంగా చవకగా అమ్ముతున్నారని వేసే సుంకం) సగటున 8.43, మొత్తం 27.22 శాతం. నాఫ్టా (ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం) ప్యానెళ్లు, ప్రపంచ వాణిజ్య సంస్థ, అమెరికా కోర్టులు, అన్నీ తిరిగాయి. 2006లో రాజీ: అప్పటిదాకా వసూలైన దాదాపు 5 బిలియన్ డాలర్లలో 4 బిలియన్లు వెనక్కి ఇచ్చారు, 1 బిలియన్ అమెరికాలోనే ఉంచుకున్నారు. అంటే అయిదో వంతు "ఖర్చుల కింద" పట్టుకున్నట్టే.

2006 రాజీలో ఒక చమత్కారం ఉంది. కెనడా ఎగుమతి పన్ను చెక్క ధరని బట్టి మారేది. వెయ్యి బోర్డ్ ఫుట్‌ల ధర 355 డాలర్లు దాటితే పన్ను సున్నా, 315కి పడితే 15 శాతం. వ్యాపారం బాగున్నప్పుడు వదిలేసి, కుదేలైనప్పుడు తొక్కే పన్ను. రాజీ కుదిరే సమయానికే అమెరికాలో ఇళ్ల మార్కెట్ జారుతోంది, ఆ తర్వాత కూలింది, ఇంక చూసుకోండి.

ఆ ఒప్పందం 2015 అక్టోబర్‌లో ముగిసింది, ఏడాది గడువు పోయాక 2016 నవంబర్‌లో అయిదో గొడవ. అది ఇప్పటికీ నడుస్తోంది.

బోర్డ్ ఫుట్, ఘనపు మీటరు, ఈ యూనిట్ల గోల ఏంటి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

బోర్డ్ ఫుట్ అంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న చెక్క. వెయ్యి బోర్డ్ ఫుట్‌లని లెక్కగడితే 2.36 ఘనపు మీటర్లు. అయితే ఒక టేపు తీసుకుని అమెరికాలో ఏ దుకాణంలోనైనా టూ-బై-ఫోర్ కొలవండి. పేరుకి 2 అంగుళాలు, 4 అంగుళాలు. చేతిలో ఉన్నది 1.5 అంగుళాలు, 3.5 అంగుళాలు. ఆరబెట్టడంలోనూ చిత్రిక పట్టడంలోనూ మిగతాది పోతుంది, కానీ బిల్లు మాత్రం పేరు సైజు మీదే. ఎవరూ మోసం చేయట్లేదు, అది రూలు, అందరికీ తెలిసిందే.

ఇప్పుడు 8 అడుగుల టూ-బై-ఫోర్ తీసుకుంటే పేరు లెక్కలో అది 5.33 బోర్డ్ ఫుట్‌లు. వెయ్యి బోర్డ్ ఫుట్‌లకి 187 ముక్కల చిల్లర. వాటిని నిజంగా కొలిస్తే వచ్చేది 1.55 ఘనపు మీటర్లు, 2.36 కాదు. అదే టూ-బై-టెన్ అయితే 1.5, 9.25 అంగుళాలు, అప్పుడు వెయ్యికి 1.64 దగ్గర వస్తుంది. అంటే ఏ సైజుకి ఆ గుణకం.

అమెరికా పరిశ్రమ బోర్డ్ ఫుట్‌లలో మాట్లాడుతుంది, కెనడా గణాంకాలు, కస్టమ్స్ రికార్డులు ఘనపు మీటర్లలో ఉంటాయి. కొన్ని పట్టికల్లో ఆ ఘనపు మీటర్లు పేరు సైజువి, కొన్నింట్లో అసలు సైజువి. నేను మొదటిసారి ఎక్సెల్ షీట్ చేసినప్పుడు ఈ తేడా చూడకుండా ఎగుమతులన్నీ 2.36తో గుణించి, అసలు సైజులో ఉన్న ఉత్పత్తి పక్కన పెట్టేశాను. కెనడా కోసిన చెక్క దాదాపు అంతా అమెరికాకే వెళ్లిపోయినట్టు వచ్చింది. ఆహా ఎంత గొప్ప విషయం కనిపెట్టానో అనుకుని రెండు రోజులు తిరిగాను కూడా. ఆ తర్వాత, మరి జపాన్‌కీ చైనాకీ పంపింది ఎక్కడి నుంచొచ్చింది, కెనడాలో ఇళ్లు దేనితో కట్టారు అన్న ప్రశ్న తట్టింది. తప్పు ఎక్కడుందో దొరకడానికి ఇంకో రోజు పట్టింది, పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. అందుకని ముందు అడుగున ఉన్న చిన్న అక్షరాలు, తర్వాతే అంకెలు.

డాలర్లలో పోల్చితే తప్పేంటి?

2020 ఏప్రిల్ ప్రాంతంలో వెయ్యి బోర్డ్ ఫుట్‌ల ఫ్యూచర్స్ ధర (ముందస్తు ఒప్పందాల మార్కెట్‌లో పలికే ధర) 300 డాలర్ల దగ్గర ఉంది. 2021 మేలో 1,600 దాటింది. అదే ఆగస్టుకి 500 దగ్గరకి వచ్చేసింది. డాలర్ల గ్రాఫ్‌లో 2021 ఒక కొండలా లేస్తుంది, కెనడా ఆ ఏడాది అమెరికాకి విపరీతంగా పంపేసిందేమో అనిపిస్తుంది. పరిమాణం చూస్తే అలాంటిదేం లేదు. లారీలూ రైలు పెట్టెలూ దాదాపు అన్నే వెళ్లాయి, బిల్లు మీద అంకె మారింది.

ఇంకో తిరకాసు, పాత డాలర్లూ కొత్త డాలర్లూ ఒకటి కాదు. 1987 నాటి విలువని నేటి విలువ పక్కన అలాగే పెట్టకండి. అన్నట్టు 2006 ఒప్పందంలోని ఆ 355 డాలర్ల గీత కూడా తొమ్మిదేళ్లపాటు కదలకుండా అక్కడే ఉంది, ద్రవ్యోల్బణం మాత్రం ఆగలేదు.

కెనడా వాటా తగ్గింది సుంకాల వల్లేనా?

కొంత. కానీ నన్నడిగితే ఆ కథలో సుంకం రెండో హీరో మాత్రమే.

అమెరికా వాడే సాఫ్ట్‌వుడ్ చెక్కలో కెనడా వాటా 1970ల మధ్యలో అయిదో వంతు లోపే, 1980ల మధ్యకి మూడో వంతు దగ్గరికి, 1990ల మధ్యలో అంతకంటే కాస్త పైకి వెళ్లింది. ఈమధ్య నాలుగో వంతు దగ్గరికి జారింది. 1990ల పెరుగుదలలో ఒక గుడ్లగూబ పాత్ర ఉంది. అమెరికా వాయవ్యంలో నార్తర్న్ స్పాటెడ్ ఔల్‌ని 1990లో రక్షిత జాబితాలో పెట్టారు, 1994లో వాయవ్య అటవీ ప్రణాళిక వచ్చింది, ఆ ప్రాంతంలో ఫెడరల్ అడవుల నుంచి నరికే కలప 80 శాతం పైగా పడిపోయింది. ఆ ఖాళీలో కొంత కెనడా నింపింది. సుంకం ఉన్నప్పుడు కూడా.

తగ్గుదలకి వస్తే, అసలు పెద్ద దెబ్బ సుంకానిది కాదు. 2005లో అమెరికాలో 20 లక్షలకు పైగా ఇళ్లు మొదలుపెట్టారు. 2009లో అది 5.5 లక్షలు. కెనడా నుంచి 2005లో 20 బిలియన్ బోర్డ్ ఫుట్‌లకు పైగా వచ్చిన చెక్క, 2009లో 10 బిలియన్ల లోపుకి పడింది. 2006 చివరి నుంచి ఒప్పందం అమల్లో ఉంది, మామూలుగా గరిష్ఠ పన్ను 15 శాతమే, అంతకుముందు 27 శాతం సుంకం ఉన్న రోజుల్లోనేమో ఎగుమతులు రికార్డు స్థాయిలో నడిచాయి. సుంకం 27 ఉన్నప్పుడు ఎక్కువ, 15 ఉన్నప్పుడు సగం. ఇళ్ల నిర్మాణాల గీతని కలప గీత మీద పెట్టి చూడండి, అవి రెండూ కవలల్లా నడుస్తాయి.

ఇక సరఫరా వైపు, బ్రిటిష్ కొలంబియాలో మౌంటెన్ పైన్ బీటిల్ అనే పురుగు. బియ్యపు గింజంత ఉంటుంది. బెరడు కింద దూరి గుడ్లు పెడుతుంది, తనతోపాటు ఒక బూజు తెస్తుంది, ఆ బూజు చెట్టుకి నీళ్లు అందకుండా చేస్తుంది, చెక్కకి నీలిరంగు చారలు వస్తాయి. బలం తగ్గదు, చూడ్డానికే తేడా, కొందరు దానికి డెనిమ్ పైన్ అని పేరు పెట్టి అమ్మేశారు కూడా. దీన్ని చంపాలంటే మైనస్ 35, 40 డిగ్రీల చలి కొన్ని రోజులపాటు ఉండాలి. 1990ల నుంచి అలాంటి చలికాలాలు తగ్గాయి. మొత్తం 1.8 కోట్ల హెక్టార్లకు పాకింది, అమ్మకానికి పనికొచ్చే పైన్‌లో సగానికి పైగా చచ్చిపోయింది.

ఇక్కడ కాలం ముఖ్యం. చచ్చిన చెట్టు కొన్నేళ్లపాటు కోతకి పనికొస్తుంది, అందుకని పాడవకముందే నరకమని ప్రావిన్సు పరిమితులు పెంచింది, కాబట్టి 2000ల మధ్యలో కెనడా సరఫరా కృత్రిమంగా ఉబ్బింది. ఆ తర్వాత నరకడానికి చెట్టే లేదు. మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. 2005ని ఆధారంగా పెట్టుకుని 2023తో పోలిస్తే మీరు పోల్చేది ఉబ్బినదాన్నీ ఎండినదాన్నీ.

అదే సమయంలో అమెరికా దక్షిణాదిలో పరిస్థితి పూర్తిగా తిరగబడింది. అక్కడ సదరన్ ఎల్లో పైన్ తోటలు, ఎక్కువ ప్రైవేటువి, పాతిక ముప్పై ఏళ్లకే కోతకొస్తాయి. ఉత్తరాన అదే సైజు చెట్టుకి అరవై ఏళ్లో వందేళ్లో పడుతుంది. దుంగలు చవక, చెట్లు పుష్కలం. కొత్త మిల్లులు అక్కడే లేస్తున్నాయి.

అయితే సుంకాల ప్రభావం ఏమీ లేదంటారా?

అలా అనలేదు. వాటా మీద ప్రభావం ఉంది, ధర మీద ఉంది, ముఖ్యంగా ఎవరు మిల్లు ఎక్కడ పెట్టాలన్న నిర్ణయం మీద చాలా ఉంది. ఒక్క ఏడాది గీతలో అది కనపడదు, పదేళ్లు చూస్తే కనపడుతుంది.

సుంకం శాతం ఏటా ఎందుకు అలా ఎగిరి పడుతుంది?

ఇది చాలామందికి తెలియని మెలిక. అమెరికా పద్ధతిలో సుంకం ముందు డిపాజిట్‌గా కట్టించుకుంటారు, తర్వాత ఏటా సమీక్ష చేసి అసలు రేటు ఎంతో తేలుస్తారు. ఆ సమీక్ష చూసేది దాదాపు రెండేళ్ల కిందటి ధరలని.

2018 జనవరిలో చాలా కంపెనీలకి వర్తించే రేటు కలిపి 20.23 శాతం. 2020 చివరికి 8.99. 2021 చివరికి 17.9 దగ్గర. 2022లో 8.59. 2023లో 8.05. 2024లో 14.5 దగ్గర. 2025లో 35.19. దీని వెనక కుట్ర వెతికేవాళ్లున్నారు. చాలామటుకు ఇది లెక్కే: 2021లో ధర ఆకాశంలో ఉంది, ఆ ఏడాదిని సమీక్షించిన 2023 రేటు తక్కువొచ్చింది. 2023లో చెక్క ధర ఖర్చు కంటే కిందకి పడిపోయింది, దాన్ని చూసిన 2025 సమీక్షలో యాంటీ డంపింగ్ ఒక్కటే 20.56 శాతానికి వెళ్లింది, సబ్సిడీ సుంకం 14.63 దానికి తోడు. నష్టానికి అమ్ముకున్నందుకు రెండేళ్ల తర్వాత జరిమానా అన్నమాట. అందుకని సుంకం గీతనీ ఎగుమతి గీతనీ ఒకే ఏడాదిలో పక్కపక్కన పెట్టి కారణం, ఫలితం అని గీతలు కలపకండి.

సుంకం కట్టేది కెనడా వాళ్లా, అమెరికా వాళ్లా?

కాగితం మీద దిగుమతి చేసుకునేవారు. చాలాసార్లు ఆ దిగుమతిదారు కెనడా మిల్లు తాలూకు సంస్థే. చివరికి ఎవరి జేబు అంటే, మార్కెట్ బిగుతుగా ఉంటే ఇల్లు కొనేవాడిది, మార్కెట్ చల్లబడితే మిల్లుది. అమెరికాలో ఇళ్లు కట్టేవాళ్ల సంఘం ఈ సుంకాలు వద్దంటూ, మిల్లుల సంఘం కావాలంటూ ఏళ్ల తరబడి వాదిస్తున్నది అందుకే.

కెనడా డాలర్ విలువ కూడా చూడాలా?

తప్పకుండా. 2002లో కెనడా డాలర్ 62, 63 అమెరికన్ సెంట్ల దగ్గర ఉంది. 2007 చివరికి రెండూ సమానం. మిల్లు కూలీ, కరెంటు, లారీ అద్దె కెనడా డాలర్లలో కడుతుంది, చెక్క అమెరికా డాలర్లలో అమ్ముతుంది. 300 అమెరికా డాలర్లకు అమ్మిన సరుకు 2002లో దాదాపు 480 కెనడా డాలర్లు, 2007 చివర్లో 300. సుంకం శాతం పెద్ద అక్షరాల్లో వార్తల్లో వస్తుంది, ఇది రాదు. నా లెక్కలో ఇది చాలాసార్లు సుంకం కంటే పెద్ద దెబ్బ.

అమెరికా నుంచి ఏమీ బయటకు వెళ్లదా?

వెళ్తుంది. కోసిన చెక్క కొంత, మెక్సికోకీ కరీబియన్ దేశాలకీ కెనడాకీ కూడా. పసిఫిక్ తీరం నుంచి దుంగలు జపాన్‌కి, తర్వాత చైనాకి. పశ్చిమ రాష్ట్రాల ఫెడరల్ భూముల్లో నరికిన దుంగలు అలాగే ఎగుమతి చేయకూడదని 1990 చట్టం ఉంది, ప్రైవేటు భూములకి అది వర్తించదు. సరదా విషయం, మెయిన్ రాష్ట్రంలో నరికిన దుంగలు సరిహద్దు దాటి క్యూబెక్ మిల్లుల్లో కోతకెళ్లి, చెక్కగా మళ్లీ అమెరికాకే వస్తాయి. గణాంకాల్లో ఇది అమెరికా దుంగ ఎగుమతి, కెనడా చెక్క ఎగుమతి. చెట్టు మాత్రం ఒక్కటే.

కంపెనీలు ఏ దేశానివో చూస్తే సరిపోదా?

ఇప్పుడు అసలు సరిపోదు. వెస్ట్ ఫ్రేజర్, కాన్‌ఫర్, ఇంటర్‌ఫర్, ఈ మూడూ బ్రిటిష్ కొలంబియాలో పుట్టి పెరిగినవి. మూడూ గత పాతికేళ్లలో అమెరికా దక్షిణాదిలో మిల్లులు కొన్నాయి. వాటి చెక్క జార్జియాలోనో అర్కాన్సాలోనో కోసినప్పుడు అది అమెరికా ఉత్పత్తి, సుంకం లేదు. "కెనడా వాటా తగ్గింది" అన్నప్పుడు తగ్గింది కెనడా నేల మీద కోసిన చెక్క వాటా, కెనడా కంపెనీల వాటా కాదు. మిల్లు మూతపడ్డ ఊరికీ, ఆ మిల్లు తాలూకు షేర్లున్న మనిషికీ ఇది రెండు వేరు వేరు కథలుగా కనిపిస్తుంది.

అంకెలు ఎక్కడ దొరుకుతాయి, ఏ కోడ్ వాడాలి?

అమెరికా సెన్సస్ బ్యూరో, అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ వారి డేటావెబ్, స్టాటిస్టిక్స్ కెనడా, ఐక్యరాజ్యసమితి కామ్‌ట్రేడ్, ఆహార వ్యవసాయ సంస్థ అటవీ పట్టికలు. అన్నీ ఉచితం.

కోసిన చెక్క హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకులకి వాడే అంతర్జాతీయ నంబరు) 4407, దుంగలు 4403. 2016 దాకా సాఫ్ట్‌వుడ్ చెక్క మొత్తం 4407.10 కింద ఉండేది. 2017 నుంచి దాన్ని పైన్‌కి 4407.11, ఫర్, స్ప్రూస్‌లకి 4407.12, మిగతావాటికి 4407.19 అని విడగొట్టారు. 2022లో మళ్లీ కలగలుపు స్ప్రూస్, పైన్, ఫర్‌కి 4407.13, హెమ్-ఫర్‌కి (హెమ్లాక్, ఫర్ కలగలుపు) 4407.14 వచ్చాయి. కెనడా నుంచి వచ్చేదాంట్లో ఎక్కువ భాగం ఆ కలగలుపే కాబట్టి, పాత కోడ్‌లనే పట్టుకుని కూర్చుంటే 2022లో కెనడా చెక్క చాలావరకు మాయమైపోయినట్టు కనిపిస్తుంది. ఏమీ మాయం కాలేదు, పక్క గదిలోకి వెళ్లింది. అన్నీ కూడి చూడండి.

ఒక మంచి వార్త. మామూలుగా ఒక దేశం ఎగుమతి అంకె, ఇంకో దేశం దిగుమతి అంకె కలవవు. ఈ రెండు దేశాలు మాత్రం 1990 నుంచి దిగుమతి రికార్డులు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి, కెనడా తన అమెరికా ఎగుమతుల అంకెకి అమెరికా దిగుమతి రికార్డునే వాడుతుంది. కాబట్టి 1990 తర్వాత ఆ తలనొప్పి లేదు. దానికి ముందు ఉంది.

ఏ ఏడాది నుంచి మొదలుపెట్టమంటారు?

ఒక్క ఏడాదిని ఆధారంగా పెట్టుకోకండి. 2005 శిఖరం, 2009 గోతి. ఏది పట్టుకుంటే ఆ కథ వస్తుంది, గిట్టనివాళ్ల మీద వాదించేవాళ్లంతా చేసే పని అదే. అయిదేళ్ల సగటులు తీయండి, పక్కనే అమెరికాలో ఏటా మొదలైన ఇళ్ల సంఖ్య వేయండి, ఇంటికి ఎంత కెనడా చెక్క అన్న నిష్పత్తి చూడండి. రిపేర్లకీ డెక్కులకీ వాడే చెక్క కూడా చాలా ఉంటుంది కాబట్టి ఆ నిష్పత్తి పక్కా లెక్క కాదు, కానీ ఉత్త డాలర్ల గ్రాఫ్ కంటే వెయ్యి రెట్లు నయం.

2025లో కొత్తగా ఏమైంది?

పైన చెప్పిన 35.19 శాతం మీద ఇంకో 10 శాతం, ఈసారి దేశ భద్రత పేరుతో ఉన్న 232 సెక్షన్ కింద, అక్టోబర్ 14 నుంచి. కెనడా మీదే కాదు, అన్ని దేశాల సాఫ్ట్‌వుడ్ మీదా. కానీ మిగతావాళ్లకి ఆ 10 మాత్రమే, కెనడాకి కలిపి 45 దగ్గర. జర్మనీ, స్వీడన్ చెక్క ఇప్పటికే తూర్పు తీరానికి వస్తోంది, దీంతో వాళ్లకి దారి ఇంకా వెడల్పయింది. ఆ ఏడాది నెలవారీ అంకెలు చూసేవాళ్లకి ఒక మాట: సుంకం పెరుగుతుందని తెలిస్తే కొనేవాళ్లు ముందే తెచ్చి నిల్వ చేసుకుంటారు, తర్వాత కొన్నాళ్లు కొనరు. తేదీకి ముందు ఎత్తూ తర్వాత పల్లమూ కనిపిస్తే కంగారు పడి తీర్పు ఇచ్చేయకండి.

చెక్క చూసి ఏ దేశానిదో చెప్పొచ్చా?

చెప్పొచ్చు, అంచున సిరా ముద్ర చెరిగిపోకపోతే. ఆ ముద్రలో తనిఖీ సంస్థ గుర్తు, మిల్లు నంబరు, గ్రేడు, కేడీ-హెచ్‌టీ అని ఆరబెట్టిన తీరు, చెట్టు జాతి ఉంటాయి. జాతి దగ్గర ఉత్త ఎస్-పీ-ఎఫ్ (స్ప్రూస్, పైన్, ఫర్) అని ఉంటే కెనడాది, అమెరికాలో పెరిగినదైతే చివర సౌత్‌కి గుర్తుగా ఇంకో చిన్న ఎస్ తగిలిస్తారు. డగ్లస్ ఫర్ అయితే తిరగేసి, కెనడా చెక్క మీద నార్త్‌కి గుర్తుగా ఎన్ అక్షరం ఉంటుంది.